పాత చెరువులు, కొత్త వానలు

కాకతీయుల నాటి, విజయనగర కాలం నాటి చెరువుల గురించి, మారుతున్న వాతావరణంలో అవి మనకు ఎంతవరకు ఆసరా కాగలవన్న విషయం గురించి గత సంచికలో వచ్చిన వ్యాసానికి పాఠకుల నుంచి చాలా ఉత్తరాలు అందాయి. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట ఒక ఉత్తరాన్నే తీసుకొని సమాధానం ఇస్తున్నాం.

ప్రశ్న: ఎనిమిది వందల ఏళ్ల కిందటి చెరువులను ఇప్పటి వాతావరణ మార్పుకు మందుగా చూపించడం గతాన్ని గొప్ప చేసుకోవడమేనని నా అభిప్రాయం. ఎత్తిపోతల పథకాలు, బోర్లు వచ్చిన తరువాత చెరువుతో పనేముంది? – ఒక పాఠకుడు, జనగామ

మీ మాటలో సగం న్యాయం ఉంది. ఊరూరా చెరువు ఉన్న రోజుల్లోనే, 1876–78 నాటి ధాత కరువులో, రాయలసీమ పల్లెలు ఖాళీ అయ్యాయి. చెరువు ఒక వానాకాలపు నీటిని మహా అయితే మరుసటి వానాకాలం దాకా నిలుపుతుంది. వరసగా రెండేళ్లు వాన ముఖం చాటేస్తే అదీ నెర్రెలు బారుతుంది. ఎండాకాలంలో దాని నీటిలో పెద్ద వాటా ఆవిరిగా పోతుంది కూడా. కాబట్టి చెరువు ఉంటే కరువు రాదని ఎవరైనా అంటే నమ్మనక్కర లేదు.

అయితే ఇప్పుడు మారుతున్నది వాన మొత్తం కన్నా వాన కురిసే తీరు. గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచగలదు. అందువల్ల కురిసినప్పుడు కుండపోతగా కురవడం, ఆ తరువాత వారాల తరబడి మబ్బు కూడా కనిపించకపోవడం పెరుగుతున్నాయి. నెల రోజుల వాన రెండు రోజుల్లో పడితే ఆ నీటిని పడిన చోటికి దగ్గరలోనే పట్టి ఆపడం ఎలాగన్నది దక్కను పీఠభూమి వాళ్లకు కొత్త ప్రశ్న కాదు. ఇక్కడ వాన నాలుగు నెలలే, కింద గట్టి రాయి. ఆ రాతి పైపొరలోనూ పగుళ్లలోనూ తప్ప నేలలో నీరు నిలవదు. బోరు ఆ కొద్ది నీటిని తోడగలదే గాని తిరిగి నింపలేదు. నింపేది పైన నిలిచిన నీరే, అంటే చెరువో కుంటో. ఎత్తిపోతల పథకం ఎక్కడి నీటినో కరెంటు ఖర్చుతో మీ ఊరికి తెస్తుంది. మీ ఊరి గుట్ట మీద పడిన వానను ఆపే పని మాత్రం దానిది కాదు.

అందువల్ల పాతవాళ్ల నుంచి నేర్చుకోవలసింది కట్ట ఆకారం కన్నా, ఏ ఏటికి ఆ ఏడు నీటిని లెక్కగట్టి పంటను నిర్ణయించుకున్న పద్ధతి అని మా అభిప్రాయం. దాని వివరం అనంతపురం పాఠకుడి ప్రశ్న దగ్గర వస్తుంది.

ప్రశ్న: మా జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు శాసనాన్ని మీ వ్యాసంలో ఒక్క వాక్యంలో ప్రస్తావించి వదిలేశారు. అందులో అసలేముంది? ఇప్పటి ఇంజనీరుకు అది పనికొస్తుందా? – ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

వదిలేయవలసిన శాసనం కాదన్నది నిజమే. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో ‘అనంతరాజసాగరం’ అనే పేరుతో ఈ చెరువును కట్టించి, ఆ వివరాలను సంస్కృతంలో రాతి పలకల మీద చెక్కించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు చెరువు మీద, కట్ట మీద పని చేశారనీ, రాళ్లు తోలడానికి వంద బండ్లు నడిచాయనీ, పని రెండేళ్లు పట్టిందనీ అందులో ఉంది. చెరువు తవ్వించడం సప్త సంతానాల్లో, అంటే పేరు నిలిపే ఏడు పుణ్యకార్యాల్లో, ఒకటన్న పుణ్యం మాట చాలా శాసనాల్లో కనిపిస్తుంది. చెరువు ఎక్కడ కట్టాలో, ఎక్కడ కట్టకూడదో ఇంత వివరంగా చెప్పడం వల్లనే ఇది ప్రత్యేకంగా నిలిచింది.

మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలని శాసనం చెబుతుంది. ధర్మం తెలిసిన, సంపద గల, కీర్తిని కోరే రాజు, జలశాస్త్రం చదివిన పండితుడు, నిర్మాణంలో నేర్పు గల పనివాళ్లు అన్న మూడూ మనుషులకు సంబంధించినవి. మిగిలినవి నేలకు, రాతికి, నీటికి సంబంధించినవి. గట్టి బంకమన్ను నేల, తియ్యని నీటితో మూడు యోజనాల దూరం నుంచి పారి వచ్చే ఏరు, ఆ ఏటిని తాకుతూ నిలిచిన కొండ, ఆ కొండ భాగాల నడుమ మరీ పొడవు కాకుండా గట్టిగా కట్టిన రాతి కట్ట, విశాలమైన లోతైన గర్భం, దగ్గరలోనే నిడుపాటి రాళ్లు దొరికే గని, కింద చదునైన పంట భూములు వాటిలో కొన్ని. ‘మరీ పొడవు కాకుండా’ అన్న చిన్న మాటలోనే ఒక ఇంజనీరు కనిపిస్తాడు. కట్ట పొడవు పెరిగిన కొద్దీ ఖర్చూ పెరుగుతుంది, తెగగల చోట్లూ పెరుగుతాయి.

ఆ వెంటనే ఆరు దోషాలు ఉన్నాయి. కట్టలోంచి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు గర్భం మధ్యలో తాబేటి వీపులా మిట్ట ఉండటం, నీరు తక్కువై తడపవలసిన పొలం ఎక్కువ కావడం, నీరు ఎక్కువై నిలవడానికి చోటు తక్కువ కావడం. సరిహద్దు దోషం చదివినప్పుడు కృష్ణా జలాల పంచాయతీ గుర్తుకు రాని తెలుగువాడు ఉండడు. కానీ నేటికి బాగా పనికొచ్చేవి చివరి రెండు. చెరువు ఎంతదైనా, దానికి వచ్చే నీటికీ నిలవగల నీటికీ తడపవలసిన పొలానికీ పొంతన ఉండాలన్నదే వాటి సారం. ఆ పొంతన శాశ్వతం కాదు. వానల తీరు మారితే ఒకప్పుడు నిర్దోషమైన చెరువే దోషం గల చెరువు అవుతుంది. కరువేడు ‘నీరు తక్కువ, పొలం ఎక్కువ’ అవుతుంది, తుపాను పట్టిన ఏడు ‘నీరు ఎక్కువ, చోటు తక్కువ’ అవుతుంది. ఒకే చెరువు ఒకే దశాబ్దంలో ఈ రెండు దోషాలనూ చూపించే కాలం వచ్చింది.

ఇప్పటి ఇంజనీరు చేతిలో ఉపగ్రహ పటాలు, వాన లెక్కలు ఉన్నాయి కనుక శాసనం అతడికి కొత్త లెక్క నేర్పదు. అయినా వాన నీరు వాలి రాని మిట్ట మీద తవ్వి, చుక్క నీరు చేరక ఎండిపోయిన పంట కుంటలను చూస్తే, తవ్వకానికి ముందు ఈ ఆరు దోషాలనూ ఒక్కసారి చదివి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

ఒక లోటు కూడా చెప్పాలి. ఈ పన్నెండు అంగాల్లో కట్టిన చెరువును తరువాత ఎవరు చూసుకోవాలన్న మాట లేదు. ఆ సంగతి దశబంధ మాన్యాలు చూసుకున్నాయి. చెరువు కట్టినవారికో బాగు చేసినవారికో దాని కింది భూమిలో లేక పంటలో పదో వంతు ఇవ్వడం, దానికి బదులుగా చెరువు బాగోగులు వారి బాధ్యత కావడం ఆ ఏర్పాటు. కట్టడం ఒకరికి కీర్తి, కాపాడటం ఇంకొకరికి జీవనాధారం. తరువాతి కాలంలో మాన్యాలు పోయాయి, చెరువులు ప్రభుత్వం చేతికి వచ్చాయి, బాధ్యత మాత్రం ఎవరిదీ కాకుండా పోయింది.

ప్రశ్న: గొలుసుకట్టు చెరువులు వరదను ఆపుతాయని రాశారు. మా కాలనీ చెరువు పక్కనే ఉంది, పెద్ద వాన పడితే చాలు ఇళ్లలోకి నీరు వస్తోంది. మరి చెరువు ఏం ఆపినట్టు? – ఒక పాఠకుడు, హైదరాబాద్

గొలుసుకట్టు అంటే పై చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు కింది చెరువుకు, అది నిండితే దాని కిందికి చేరే వరస. అలుగును తెలంగాణ పల్లెల్లో మత్తడి అంటారు, సీమలో మరవ అంటారు. ప్రతి చెరువూ కొంత నీటిని పట్టి కొంత ఆలస్యంగా వదలడం వల్ల వరద ఒక్క ఉదుటున కిందికి రాదు. ఇది నిజం. అయితే ఇది కట్టలన్నీ నిలిచినంతవరకే నిజమన్న మాటను కూడా గత వ్యాసంలో చెప్పి ఉండవలసింది.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచినప్పుడు సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. నగరానికి ఎగువన మూసీ పరీవాహక ప్రాంతంలో అప్పటికి దాదాపు 800 చెరువులు ఉన్నాయి, అంటే ఇంచుమించు చదరపు మైలుకు ఒకటి. కుండపోత వానకు వాటిలో 200కు పైగా తెగిపోయాయి. పై చెరువు తెగితే దాని నీరంతా ఒక్కసారిగా కింది చెరువు మీద పడుతుంది, అది తట్టుకోలేక తానూ తెగుతుంది. వానను విడదీసి ఆపవలసిన గొలుసు ఆ రోజు వరదకు వరదను జోడించింది. నిజాం ప్రభుత్వం పిలిపించగా వచ్చి పరిశీలించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, చిన్న చెరువుల మీదే భారం వేయకుండా, వరదను పట్టి మెల్లగా వదిలేందుకు నగరానికి ఎగువన పెద్ద జలాశయాలు కట్టాలని సూచించారు. అలా మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి.

దీన్నిబట్టి పాత అలుగులను పాత కొలతల్లోనే ఉంచి చెరువులను బాగు చేశామనుకోవడం ప్రమాదమని తెలుస్తుంది. అలుగు వెడల్పు ఒకనాటి వానలను చూసి పెట్టింది. వాన తీవ్రత పెరిగినప్పుడు పూడిక తీయడం కన్నా ముందు అలుగు సరిపోతుందో లేదో చూడాలి. అదీ ఒక్క చెరువుకు చూస్తే చాలదు, గొలుసులోని పై చెరువు నుంచి మొదలుపెట్టి చూడాలి. 2020 అక్టోబరులో బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగినప్పుడు కింది కాలనీలు పడిన అవస్థ మీకు గుర్తుండే ఉంటుంది.

ఇక మీ కాలనీ సంగతి. పల్లె చెరువు ఎండాకాలానికి అడుగంటుతుంది కనుక తొలి వానలను పూర్తిగా మింగగలదు. నగర చెరువు కింద పొలాలు లేవు, తూము తెరిచేవారు లేరు, మురుగు నీరు ఏడాది పొడవునా చేరుతూనే ఉంటుంది. జూన్ నాటికే నిండుకుండలా ఉన్న చెరువు వరదను ఎలా ఆపుతుంది? పైగా అలుగు నుంచి కింది చెరువుకు నీరు పోవలసిన నాలా మీదే ఇళ్లు ఉంటే, ఆ నీరు మీ గుమ్మాల గుండానే దారి చేసుకుంటుంది. చెరువు అందాల కోసం చుట్టూ నడక దారులు వేయడం కన్నా, వానాకాలానికి ముందు నీటి మట్టాన్ని కొన్ని అడుగులు తగ్గించే ఏర్పాటు, నాలా పూర్తి వెడల్పు తిరిగి దక్కించుకోవడం మీరు అడగవలసిన పనులు. మీ కాలనీ నిండు మట్టం హద్దుకు, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు నిలిచే మేరకు, లోపల ఉందా వెలుపల ఉందా అన్నది మాత్రం పటం చూసి ముందే తెలుసుకోండి. లోపల ఉంటే ఏ ఇంజనీరూ మీకు ఊరటనిచ్చే మాట చెప్పలేడు.

ప్రశ్న: మా చెరువులో పూడిక తీస్తున్నారు. ఆ మట్టి నా చెలకకు తోలుకోవచ్చా? ఎంత లోతు తీస్తే మంచిది? – ఒక రైతు, మహబూబ్‌నగర్ జిల్లా

తోలుకోవచ్చు. ఎర్ర చెలకలో నల్లటి ఒండ్రు కలిస్తే బంక పాలు పెరిగి తేమ ఎక్కువ రోజులు నిలుస్తుంది. రెండు వానల మధ్య ఎడం పెరుగుతున్న ఈ రోజుల్లో ఆ కొద్ది రోజులే పంటను దక్కిస్తాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువులను లెక్కలోకి తీసుకున్నప్పుడు, పూడిక తీత ఖర్చు ప్రభుత్వానిది, తోలకం ఖర్చు రైతుది అన్న పద్ధతి నడవడానికి కారణం ఆ మట్టి విలువ రైతులకు ముందే తెలిసి ఉండటమే. అయితే పిడికెడు మట్టి తడిపి చూడండి. వేళ్లకు అంటుకొని ముద్ద అయితే ఒండ్రు, గరగరలాడితే ఇసుక. ఇసుకకు ట్రాక్టర్ కిరాయి దండగ. ఫ్యాక్టరీ నీరో మురుగో చేరే చెరువు మట్టిని, తెల్లటి ఉప్పు పేరుకున్న మట్టిని పరీక్ష చేయించకుండా పొలంలో పోయకండి.

లోతు సంగతి: తూము అడుగు మట్టం కన్నా కిందికి తవ్విన గుంతల్లో నిలిచే నీరు పొలానికి పారదు. ఊటకు, పశువులకు, చేపలకు పనికొస్తుంది గాని ఆయకట్టు పెరుగుతుందని అనుకోవద్దు. కట్ట పాదానికి దగ్గరలో తవ్వనివ్వకండి, కట్ట జారుతుంది. అడుగున ఉన్న బంకపొరను చీల్చి మొరం దాకా పోతే చెరువు నీరు నిలుపుకోలేదు. మీ ఊరికి బావులు, బోర్లు ముఖ్యమైతే అది లాభమే, తూము కింద వరి ముఖ్యమైతే నష్టం. ఈ రెంటిలో ఏది కావాలో జేసీబీ దిగకముందే ఊరంతా కూర్చొని తేల్చుకోవాలి.

ప్రశ్న: మా తాతగారు ఊరి చెరువుకు నీరుగంటిగా పని చేసేవారు. ఆ పద్ధతిని మళ్లీ తేవడం సాధ్యమేనా? – ఒక పాఠకుడు, అనంతపురం జిల్లా

తెలంగాణలో నీరటి అనే పేరుతో ఉన్న ఈ పనే, మా దృష్టిలో, పాత ఏర్పాటుకు ప్రాణం. తూము బిరడాను ఎంత ఎత్తాలో, ఏ పొలానికి ఎంతసేపు పారించాలో, రాత్రి కాలువ గట్టు ఎక్కడ తెగిందో చూసుకోవడం నీరుగంటి పని. రైతు తన మడికి తానే నీరు మళ్లించుకోకూడదన్నది కట్టుబాటు. అందువల్ల మొదటి మడివాడూ చివరి మడివాడూ ఒకే మనిషి చేతి నీటి కోసం ఎదురుచూసేవారు. కల్లంలో అతడికి ధాన్యం మేర ఇచ్చేవారు.

దీన్ని ఉన్నది ఉన్నట్టుగా మళ్లీ తెమ్మని మేము అనం. చాలా ఊళ్లలో ఈ పని దళిత కుటుంబాలకు వంశపారంపర్యపు చాకిరీగా ఉండేది. ఊరంతటి నీరూ వారి చేతుల మీదుగా పారేది, వారికంటూ తడి పొలం ఉండటం మాత్రం అరుదు. మళ్లీ తేవలసింది ఆ పనిని, నెల జీతంతో, అధికారంతో, ఎవరైనా చేరగల ఉద్యోగంగా. పెద్ద కాలువల మీద నీటిని చూసుకునే లష్కర్లు ఉన్నారు, చిన్న చెరువుకు ఎవరూ లేరు. 1997 చట్టంతో వచ్చిన నీటి వినియోగదారుల సంఘాలు ఈ లోటు తీర్చగలిగేవే గాని, చాలాచోట్ల అవి కాగితం మీదే మిగిలాయి.

నీరుగంటితో పాటు తిరిగి తేవలసింది తైబందీ. యాసంగికి ముందు చెరువులో ఉన్న నీటిని కొలిచి, ఈసారి ఎన్ని ఎకరాలకు నీరు ఇవ్వగలమో ముందే ప్రకటించే పద్ధతి ఇది. నిజాం కాలం నుంచి తెలంగాణ నీటిపారుదల లెక్కల్లో ఉన్న ఈ మాట ఇప్పటికీ అధికారుల నోట వినిపిస్తుంది. ఉదాహరణకు 200 ఎకరాల ఆయకట్టు గల చెరువు సగమే నిండిందనుకుందాం. ఎవరికి వారు వరి వేస్తే మార్చిలో పొట్ట దశలో ఉన్న పైరు అందరిదీ కలిసి ఎండుతుంది. కొంత భాగానికి వరి, మిగతాకు వేరుశనగ, నువ్వు వంటి ఆరుతడి పంటలు అని అక్టోబరులోనే తేల్చుకుంటే కోతకు ఏదో ఒకటి మిగులుతుంది. వాన ఎంత పడుతుందో ముందే చెప్పలేని కాలంలో, పడిన నీటిని చూసి నిర్ణయించే ఈ పద్ధతి కన్నా మెరుగైనది మాకు కనిపించడం లేదు.

అయితే తగ్గించిన ఎకరాలు ఎవరివన్నదే తగాదా. తూము దగ్గర పొలం ఉన్నవాడికి నీరు, దూరం వాడికి కన్నీరు అయితే ఆ తీర్మానం నిలవదు. శ్రీలంకలో వాన తక్కువ ప్రాంతపు గొలుసుకట్టు చెరువుల కింద ‘బెత్మ’ అనే ఆచారం ఉంది. నీరు తక్కువైన ఏడు చెరువుకు దగ్గరి పొలాన్ని మాత్రమే సాగు చేస్తారు, ఆ పొలాన్ని ఆ ఒక్క పంటకు దూరపు రైతులతో సహా అందరూ పంచుకుంటారు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2017లో ఆ చెరువుల వ్యవస్థను ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. పట్టా పాసుపుస్తకం మీద ఇంత పట్టింపు ఉన్న మన ఊళ్లలో బెత్మ నడుస్తుందా అంటే అనుమానమే. కానీ నీరు అందని వారికి నీరు అందిన వారి పంటలో కొంత వాటా అన్న మధ్యేమార్గం మీద మీ ఊళ్లో మాట కలిపి చూడవచ్చు.

ప్రశ్న: చెరువు కట్ట మీద చెట్లు పెంచితే కట్ట గట్టిపడుతుందా? – ఒక విద్యార్థిని, విజయనగరం

గడ్డి అయితే గట్టిపడుతుంది, పెద్ద చెట్లు అయితే లేదు. వేళ్లు కట్టలోకి దిగి, చెట్టు చచ్చాక ఆ వేళ్లు కుళ్లి, నీరు పోయే సొరంగాలు అవుతాయి. చెట్లు కట్ట మీద కాకుండా నీరు వచ్చే వైపు అంచున ఉండాలి, అక్కడ అవి మట్టిని ఆపుతాయి, గాలిని అడ్డుకుంటాయి. సర్కారు తుమ్మను మాత్రం చెరువు గర్భంలో ఎక్కడా ఉంచకండి.

ప్రశ్న: 2024 సెప్టెంబరు మున్నేరు వరద తరువాత మా ఊరివాళ్లకు చెరువంటేనే భయం పట్టుకుంది. వానాకాలానికి ముందు మామూలు మనుషులుగా మేము ఏం చూడగలం? – ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

ముందుగా మత్తడి దగ్గరికి వెళ్లండి. ఎక్కువ నీరు నిలుస్తుందని మత్తడి మీద ఇసుక బస్తాలు పేర్చడం, చేపలు పోకుండా అడ్డంగా వల కట్టడం చాలా ఊళ్లలో ఉన్న అలవాట్లు. వలకు గుర్రపుడెక్క, చెత్త పట్టుకుంటే అది గోడ అవుతుంది, నీటి మట్టం పెరిగి కట్ట మీదుగా పొర్లుతుంది. మట్టి కట్ట మీదుగా నీరు పొర్లితే అది నిలిచేది కొద్దిసేపే. మత్స్యకారుల సంఘంతో మాట్లాడి, వానలు మొదలుకాక ముందే ఆ అడ్డు తీయించండి, వారికి చేపల నష్టం రాకుండా మత్తడి కింద కొంత దూరంలో వల వేసుకునే వీలు చూడండి.

తరువాత కట్ట వెలుపలి వైపు పాదం వెంట నడవండి. తేమ ఉండటం కొత్త కాదు. ఊట తేటగా ఉంటే గమనిస్తూ ఉండాలి. బురదగా వస్తుంటే కట్ట లోపలి మట్టి కొట్టుకుపోతోందని అర్థం, ఆ రోజే పంచాయతీ కార్యదర్శికీ నీటిపారుదల శాఖ అసిస్టెంట్ ఇంజనీరుకీ (ఏఈ) రాతపూర్వకంగా తెలియజేయండి. కట్ట పైభాగం మధ్యలో బండ్ల బాటకు కుంగిన చోటు, ఎలుకలు, పందికొక్కులు తవ్విన బొరియలు, తూము పక్కన మట్టి జారిన గుర్తులు చూసి ఫోటో తీసి ఆ ఉత్తరానికి జతచేయండి. మీ చెరువుకు పైన ఇంకో చెరువు ఉంటే ఆ ఊరివాళ్ల ఫోన్ నంబరు మీ దగ్గరా, మీ కింది ఊరివాళ్ల దగ్గర మీ నంబరూ ఉండేలా చూసుకోండి. పై కట్టకు గండి పడిందన్న కబురు అరగంట ముందు అందినా కింది ఊరి మనుషులు, పశువులు గడ్డకు చేరగలరు.